మా నాయన తెల్ల చొక్కా

మా నాయన ఫోటో ఒకే ఒక్కటి ఉండేది. పోస్టుకార్డు కన్నా చిన్నది. డెబ్బైల మొదట్లో ఎమ్మిగనూరు జాతరలో, డేరా వేసుకొని ఫోటోలు తీసేవాళ్ల దగ్గర తీయించింది. వెనక తెర మీద కొలను, కొలనులో హంస, ఆ పక్కన మెట్లున్న మేడ. ఆ మేడ తనదే అన్నట్టు మా నాయన ముందు నిలబడి ఉంటాడు. తెల్ల చొక్కా, మెడ దాకా పెట్టుకున్న గుండీలు, తల మీద టోపీ. ఎడమ చేతికి గడియారం. ఆ గడియారం మాత్రం పక్క అంగడాయనది. అది బాగా కనపడాలని చెయ్యి కొంచెం ముందుకు పెట్టి, ఊపిరి బిగబట్టినట్టు చూస్తుంటాడు.

నాయన ఆదోనిలో దూది ఏకేవాడు. మేము దూదేకులవాళ్లం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చేసేది నమాజు. పెద్ద విల్లుకు కట్టిన నారిని దూదిలో పెట్టి చెక్క గుండుతో కొడుతుంటే వీధి చివర దాకా వినపడేది. ఏకిన దూదితో పరుపులు, దిండ్లు కుట్టి అమ్మేవాళ్లం. ఎప్పుడు చూసినా నాయన కనుబొమ్మల మీద, రెప్పల మీద, చెవుల వెంట్రుకల్లో దూది ఉండేది. అందుకే చిన్నప్పుడు నేను ఆయన ముసలివాడనుకునేదాన్ని. నన్ను బడికి పంపలేదు. ఐదో తరగతి చదివిన అమ్మ, వాకిట్లో నాపబండ మీద బొగ్గుతో అక్షరాలు రాయించింది. ప్రార్థనలు మా జేజి, నాయన తల్లి, నేర్పింది. ఇంతకన్నా మంచి బడి నాకు దొరికేది కాదని ఇప్పటికీ అనుకుంటాను. ఆ ఇద్దరినీ తలచుకోకుండా నేను పుస్తకం తెరవను.

ప్రతి ఏడూ జాతరకు నాయన దిండ్లు, పరుపులు బండికి ఎత్తుకొని ఎమ్మిగనూరు పోయేవాడు. ఒక ఏడు అమ్మా నేనూ కూడా వెంట పోయాం. ఆ ఏడు రథం కదలక ముందే సరుకంతా అమ్ముడైపోయింది. అమ్మ పట్టుబట్టింది.

"ఎప్పుడు సూసినా దూదిలో మునిగిన కోతి మాదిరే ఉంటావు. ఈ పొద్దన్నా మొగం కడుక్కో. పండగ చొక్కా ఏసుకో. ఫోటో దిగుదువు పా."

"నా మొగానికి ఫోటో ఏందే? ఆ పెట్టె పగిలిపోతాది."

"పగిల్తే వాళ్లది పగుల్తాది. నీకేం?"

నాయన బావి దగ్గర చాలాసేపు తోముకున్నాడు. తిరిగి వచ్చేసరికి ఆయన కనుబొమ్మలు నల్లగా ఉన్నాయి. నేను నోరు తెరుచుకొని చూశాను. ఆ ఫోటోలో ఉన్నది ఆ మనిషి. తరువాత కొన్నేళ్లకే దగ్గు ఎక్కువై పోయాడు. అమ్మ ఎమ్మిగనూరులో నా దగ్గరికి వచ్చేసింది. అప్పటికే నాకు అక్కడ ఒక దర్జీతో పెళ్లయింది. అల్లా దయ వల్ల మంచి మనిషి.

ఫోటోను మేము గోడకు పెట్టలేదు. బొమ్మ వేలాడే ఇంట్లోకి దేవదూతలు అడుగుపెట్టరని జేజి చెప్పేది. ట్రంకు పెట్టెలో, చీర మడతల్లో ఉండేది. ఏడాదికొకసారి నాయన పేరున ఫాతెహా చదివించే రోజు అమ్మ దాన్ని తీసి, ఒడిలో పెట్టుకొని కాసేపు చూసి, మళ్లీ చీర మడతల్లోకి పంపేది.

ఎనభైల మధ్యలో ఒక రోజు మా ఇంటాయన వెంట ఒక డ్రాయింగు మాస్టరు వచ్చాడు. ఆదోనిలో ఒక బడిలో పని చేసేవాడు. ప్యాంట్లు మా ఇంటాయన దగ్గరే కుట్టించుకునేవాడు. మంచం మీద కూర్చొని టీ తాగుతూ చెప్పాడు. తనలాంటి చిత్రకారులు కొందరు కలిసి ఆదోనిలో ప్రదర్శన పెడుతున్నారట. రంగుల బొమ్మలు, అచ్చుబొమ్మలు. అన్నీ మన ఊళ్ల పాత ఫోటోలను చూసి వేసినవేనట. నందవరం, గోనెగండ్ల దాకా తిరిగి ఇళ్లల్లో ఫోటోలు అడిగి తెచ్చుకుంటున్నారట.

"సూసి గీస్తారా సారూ, ఫోటోనే పెట్టుకుంటారా?" అని అమ్మ లోపలి నుంచి అడిగింది.

"చూసి గీస్తామమ్మా. వారంలో ఫోటో జాగ్రత్తగా తెచ్చిస్తా."

"అయితే సూసుకోప్పా. సూస్తే అరిగిపోతాడా?"

నేనే పెట్టె తెరిచి ఇచ్చాను. ఆయన దాన్ని అంచులు మాత్రమే పట్టుకొని వెలుతురులోకి తిప్పాడు. ఆ పట్టుకోవడం చూసి నాకు ఎంతో నచ్చింది. ఈయన ఎవరు, ఏం చేసేవాడు, ఎట్లా పోయాడు అని అడిగాడు. అన్నీ చెప్పాను. విల్లు సంగతి, దగ్గు సంగతి, పత్తి పండని ఏడు జొన్న సంగటి కూడా చాలక మంచినీళ్లు తాగి పడుకున్న సంగతి. నాయన పోయాక ఆయన గురించి నన్ను అంతసేపు అడిగిన మనిషి వేరొకరు లేరు. ఆ సాయంత్రం నమాజు తరువాత ఆ మాస్టరు చల్లగా ఉండాలని దువా చేశాను.

వారమన్నది నెల దాటింది. ఫోటో రాలేదు. ప్రదర్శన పిలుపు మాత్రం వచ్చింది. ఫాతెహా రోజు దగ్గర పడుతోంది. ఫోటో కూడా తెచ్చుకున్నట్టుంటుందని ముగ్గురం బయలుదేరాం. అమ్మ రంజాను చీర కట్టుకుంది. బస్సులో పక్కన కూర్చున్న కొత్త మనిషికి కూడా చెప్పింది.

"మా ఆయనను గోడకు పెట్టినారంట ఆదోనిలో. మా ఇంట్లో గోడెక్కని మనిషి, ఆడ ఎక్కినాడు సూడు."

అప్పటికే అమ్మ కళ్లకు పొర వచ్చింది. దూరంగా ఉన్నవి మసకగా కనపడేవి. చిన్న అక్షరాలు అసలు కనపడేవి కావు.

ఒక బడి హాలులో బెంచీలు పక్కకు నెట్టి, గోడల నిండా బొమ్మలు పెట్టారు. నిజం చెప్పాలంటే మొదట నేను మురిసిపోయాను. ఎవరి ఇంటి పెళ్లి ఫోటోనో చూసి వేసిన రంగుల బొమ్మ ఒకటి. నలుపు తెలుపు ఫోటోలో ఆ పెళ్లికూతురి చీర ఏ రంగో ఎవరికి తెలుసు? ఆ చిత్రకారుడు కాలిన ఇటుక రంగు వేశాడు. చూసిన వాళ్లంతా ఆ చీర అదే రంగు అయి ఉంటుందనుకునేటట్టు వేశాడు. ఇంకొకటి, ఆదోని కోట కొండ ముందు నిలబడ్డ అన్నదమ్ములు. కొండ బండలు, వాళ్ల భుజాలు ఒకే గీతలో కలిసిపోయాయి. మనిషి చేతికి ఇంత విద్య ఇచ్చిన దేవుడికి మనసులోనే శుక్ర్ చెప్పుకుంటూ నడిచాను.

మూల తిరిగితే పెద్ద అచ్చుబొమ్మ. నలుపు, తెలుపు. నిలువెత్తు మనిషి. ఒంటి మీద చొక్కా లేదు. పక్కటెముకలు చేలో తోలే దంతె పళ్లలాగా తేలి ఉన్నాయి. కడుపు వీపుకు అంటుకుంది. చేతిలో విరిగిన విల్లు. నోరు తెరిచి ఉంది. టోపీ లేదు. గడియారం లేదు. కింద చీటీ మీద "ఆకలి" అని రాసి ఉంది.

ముఖం మా నాయనది.

ముఖం ఒక్కటే ఆయనది. ఆ కళ్లు, ఆ చెవులు, ఊపిరి బిగబట్టిన ఆ చూపు. జాతర రోజు గడియారం పెట్టుకున్నప్పటి చూపు తెచ్చి ఈ ఎముకల మీద తగిలించారు. అమ్మను వెనక్కి తిప్పి తీసుకుపోదామనుకున్నాను. కానీ అది అంత పెద్దది, అంత నల్లనిది. అమ్మ కళ్లకు ఆ హాలులో స్పష్టంగా కనపడేది అదొక్కటే. దగ్గరికి పోయి, తల వెనక్కి వంచి కింద నుంచి పైదాకా చూసింది.

"పాపా, మీ నాయన చొక్కా యాడ పాయ?"

నేను అమ్మ భుజం పట్టి పక్కకు తిప్పబోయాను.

"నేను గంజి పెట్టి ఇస్తినే. చొక్కా యాడ పాయ?"

మాస్టరు నవ్వుతూ వచ్చాడు. ఆయన పక్కన శాలువా కప్పుకున్న ఒక పెద్దమనిషి. కర్నూలు నుంచి ప్రదర్శన చూడడానికి వచ్చాడట. "వీళ్లేనండీ ఆయన కుటుంబం" అని మాస్టరు మమ్మల్ని చూపించాడు, ఇంకో రెండు బొమ్మలను చూపించినట్టు.

"మా నాయనకు చొక్కా ఉండాది కదా సారూ" అన్నాను.

"ఉంది. కానీ చూడమ్మా, అది జాతర వేషం. అద్దె తెర, అరువు సొమ్ము. దాని వెనకున్న సత్యాన్ని నేను పట్టుకున్నా. నువ్వు చెప్పిన మాటలే, మంచినీళ్లు తాగి పడుకున్నామని."

"చొక్కా అరువుది కాదు. గడియారమొకటే అరువు."

శాలువా పెద్దమనిషి నా వైపు జాలిగా చూశాడు. "తల్లీ, మీ నాన్నగారు ఇప్పుడు ఒక్క మనిషి కాదు. ఈ కరువు సీమ శ్రామికులందరికీ గుర్తు. ఎవరికి దొరుకుతుంది ఇంత భాగ్యం? మీరు కృతజ్ఞతతో ఉండాలి."

ఆ మాట దగ్గర నా ఒళ్లు మండింది. నాకు కృతజ్ఞత నేర్పుతున్నాడు. లేస్తే నీళ్లకు, వండితే గింజలకు, దారం సూదిలోకి ఒక్కసారికే ఎక్కితే దానికి కూడా శుక్ర్ చెప్పుకునే దాన్ని నేను. ఆకలితో పడుకున్న ఏడు కూడా చెప్పుకున్నాం. మా జేజి చెప్పించింది. ఆ ఆకలిని మేము ఎవరికీ దాచలేదు, సిగ్గుపడలేదు. అడిగితే చెప్పాను. నమ్మి చెప్పాను. కానీ మా నాయన ఆకలితో ఫోటో దిగలేదు. జీవితంలో ఒక్కరోజు, సరుకు అమ్ముడైన రోజు, ముఖం కడుక్కొని దిగాడు. లోకానికి తనను ఎట్లా చూపించుకోవాలో ఆయనే తేల్చుకున్న రోజు అదొక్కటే. ఆ రోజు తొడుక్కున్న చొక్కాను వీళ్లు ఒంటి మీద నుంచి లాగేశారు. చచ్చిపోయిన మనిషి బట్టలు లాగి, నడి ఆదోనిలో నిలబెట్టి, మమ్మల్ని సంతోషించమంటున్నారు.

"మీ నాయనకు ఎవరైనా ఇట్లా చేస్తే నువ్వు చెప్పుకుంటావా సారూ, కృతజ్ఞత?" అన్నాను. గొంతు లేచిపోయింది. హాలంతా తిరిగి చూసింది.

మా ఇంటాయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. "మెల్లగా మే. పెద్దోళ్లు."

"పెద్దోళ్లయితే వాళ్ల నాయనలను ఎక్కించుకోనీ గోడకు, చొక్కాలు లేకుండా."

మాస్టరు ముఖం మాడింది. అయినా నన్ను వదిలి, అమ్మను బుజ్జగించబోయాడు. బల్ల దగ్గరికి తీసుకుపోయి, బొమ్మ ఎట్లా అచ్చు వేస్తారో చూపించాడు. మెత్తటి పలక. దాన్ని చిన్న ఉలితో చెక్కుతారు. రోలరుతో నల్ల సిరా పూసి, మీద కాగితం పరిచి అదుముతారు. చెక్కిన చోట తెల్లగా ఉంటుంది, చెక్కకుండా వదిలిన చోట నల్లగా పడుతుంది. నాయన బొమ్మ చెక్కిన పలక అక్కడే ఉంది. దాని నుంచి ఎన్ని కాగితాలు కావాలంటే అన్ని తీయవచ్చునని, హైదరాబాదులో అడుగుతున్నారని సంబరంగా చెప్పాడు.

అమ్మ కళ్లతో కాకుండా వేళ్లతో చూసింది. పలక మీద ఎత్తుగా ఉన్న గీతలను ఒక్కొక్కటిగా తడిమింది. చేతులకు సిరా అంటింది.

"ఇవేనాప్పా ఎముకలు?"

"అవునమ్మా."

"వీటిని గూడా సెక్కేస్తే?"

"అక్కడ తెల్లగా అయిపోతుంది."

"అయితే సెక్కేయప్పా. తెల్లగయితాది కదా. చొక్కా అయితాది."

మాస్టరు నవ్వాడు. శాలువా పెద్దమనిషి నవ్వాడు. వెనక చేరిన వాళ్లు కూడా నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. చిన్నపిల్ల ముద్దుమాటకు నవ్వే నవ్వు. నాకు ఆ నవ్వే ఎక్కువ కాలింది. అమ్మ ముద్దుకు అనలేదు. చేతికి సిరా అంటించుకొని, ఉలి ఎక్కడ పెట్టాలో చూపిస్తూ అడిగింది.

"ఎముకలు తీసేస్తే బొమ్మలో ఏం మిగుల్తుందమ్మా?" అన్నాడు మాస్టరు.

"మా ఆయన మిగుల్తాడు."

నవ్వులు ఆగాయి. కానీ ఉలి కదలలేదు. "అట్లా కుదరదమ్మా, ఇది కళ" అన్నాడు. ఇక మాట్లాడి లాభం లేదని నేను ఫోటో ఇవ్వమన్నాను.

లోపలికి పోయి ఒక అట్ట ఫైలులో నుంచి తీసి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు మళ్లీ అంచులే పట్టుకున్నాడు.

ఫోటో నిండా గళ్లు. నల్ల సిరా పెన్నుతో, స్కేలు పెట్టి, నిలువుగా అడ్డంగా గీసిన గళ్లు. అంచుల వెంట చిన్న చిన్న అంకెలు. ఒక గీత సరిగ్గా కళ్ల మీదుగా పోయింది. ఇంకొకటి ముక్కు మీదుగా దిగి, చొక్కా గుండీలను రెండుగా కోస్తూ పోయింది.

"ఏంది సారూ ఇది?"

"అదా? గళ్లు గీసుకోకపోతే చిన్నదాన్ని పెద్దగా దించలేం. కొలత తప్పుతుంది. ఫోటో మీద పెన్సిలు పట్టదు, అందుకని పెన్నుతో గీశా. అందరం అట్లాగే చేస్తామమ్మా."

తప్పు చేసినట్టు ఆయనకు తోచనే లేదు. నా కోపమంతా అక్కడే ఉంది, ఇప్పటికీ. ఇంటింటికీ తిరిగి తెచ్చిన ఫోటోలన్నింటి మీదా అట్లాగే గీశారు. వాళ్లకు అది బొమ్మకు పనికొచ్చే సామాను. రోలరు లాగా, ఉలి లాగా. పని అయ్యాక ఇచ్చేస్తే బాకీ తీరినట్టే. ఇళ్లల్లో అది ఒక్కటే ఉంటుందని, దాన్ని చీర మడతల్లో పెట్టుకునే వాళ్లుంటారని, అంత చదువుకున్న వాళ్లలో ఒక్కరికీ తట్టలేదు.

అమ్మ ఫోటోను కళ్లకు ఆనించేంత దగ్గరగా పెట్టుకుంది. చాలాసేపు అటూ ఇటూ తిప్పింది.

"గీతలే కనపడతాండాయి పాపా. మీ నాయన యాడుండాడు?"

నేను వేలు పెట్టి చూపించాను. ఇక్కడ కళ్లు, ఇక్కడ టోపీ, ఇక్కడ చొక్కా. అమ్మ తల ఊపింది. కనపడలేదని నాకు తెలుసు.

బయటికి వచ్చేటప్పుడు ఆ "ఆకలి" చీటీని గోడ నుంచి పీకి, మాస్టరు చేతిలో పెట్టాను. "ఈ పేరు మీ ఇంట్లో ఎవరికన్నా పెట్టుకోండి" అన్నాను. అట్లాంటి మాట నేను ఎవరినీ అనలేదు, అంతకు ముందు గానీ ఆ తరువాత గానీ. నేను బస్టాండు చేరేలోపే ఇంకో చీటీ రాసి అంటించి ఉంటారు. ఆ బొమ్మ హైదరాబాదు పోయిందని, ఎవరో పెద్దవాళ్లు మెచ్చుకున్నారని మా ఇంటాయన అంగడిలో ఎవరో చెప్పారు. మాస్టరు మాత్రం మళ్లీ ప్యాంటు కుట్టించుకోవడానికి రాలేదు.

ఇంట్లో గీతలు చెరపాలని చూశాను. తడిగుడ్డ అంచుతో ఒక మూల రుద్దితే గీత పోలేదు, కింద ఉన్న హంస పోయింది. భయపడి ఆపేశాను. ఆ ఏడు ఫాతెహా రోజు అమ్మ అలవాటు ప్రకారం పెట్టె తెరిపించుకొని, ఫోటోను ఒడిలో పెట్టుకుంది. ఎప్పటికన్నా తొందరగా తిరిగి ఇచ్చేసింది. మరుసటి ఏడు అడగలేదు.

అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉందని నాకు మెల్లగా తెలిసింది. చూపు ఉన్న ఆఖరి రోజుల్లో అమ్మకు బాగా కనపడిన నాయన ముఖం ఆ గోడ మీదిదే. ఫోటో చిన్నదైపోయింది, గళ్ల వెనక్కి పోయింది. అచ్చుబొమ్మ పెద్దది, నల్లనిది. అది లోపల ఉండిపోయింది. పూర్తిగా చూపు పోయాక, దిండు గలీబులకు తడుముకుంటూ కుట్లు వేస్తూ నాయన సంగతులు చెప్పేది.

"పాపం, బో సన్నం మీ నాయన. ఎముకలు లెక్కపెట్టొచ్చు."

"లేదమ్మా. ఎప్పుడుండె అట్లా? మంచం పట్టినప్పుడు గూడా అంత లేడు. జాతరలో మేడ ముందర నిలబడినాడు కదా, తెల్ల చొక్కా ఏసుకొని. గుండీలన్నీ పెట్టుకొని."

"చొక్కానా?" సూది ఆపి ఆలోచించేది. "యాడిది మే చొక్కా? నేను సూసినా కదా, ఆదోనిలో."

ఒకసారి కాదు, పోయేదాకా అదే మాట. ఆయనతో అన్నేళ్లు కాపురం చేసి, ఆ చొక్కాకు గంజి పెట్టిన మనిషి నోట ఆ మాట. నేను ప్రతిసారీ మొదటి నుంచి చెప్పేదాన్ని. బావి దగ్గర తోముకోవడం, నల్లటి కనుబొమ్మలు, పక్క అంగడాయన గడియారం. కొన్నిసార్లు నమ్మేది. కొన్నిసార్లు నన్ను ఓదారుస్తున్నట్టు "ఉండిందేమోలే" అనేది.

మాస్టరు కూడా ఇప్పుడు లేడు. క్షమించి ఆయన కోసం దువా చెయ్యమని మా ఇంటాయన అంటాడు. నాయనకు, అమ్మకు, జేజికి అడిగాక చేతులు అట్లాగే పట్టుకొని కూర్చుంటాను. మాస్టరు పేరు నోటిదాకా వస్తుంది. అప్పుడు "నేను సూసినా కదా, ఆదోనిలో" అన్న అమ్మ గొంతు వినపడుతుంది. చేతులు దించేసి లేస్తాను.